బొగ్గు తవ్విన నేల మీద గ్రావెల్ సైకిల్: హైదరాబాద్‌లో ఎలా సిద్ధం కావాలి, లౌజిట్స్‌లో ఎలా తొక్కాలి

తెల్లవారుజామున నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే గ్రావెల్ బైకులు బాగానే కనిపిస్తాయి. రోడ్ బైక్ లాంటి వంపు హ్యాండిల్, కింద 40 మిల్లీమీటర్ల లావు టైర్లు, ఎక్కడా మట్టి అంటని ఫ్రేము. అంటకపోవడంలో వింతేమీ లేదు. సిటీలో తారు రోడ్డంతా ట్రాఫిక్, తారు దాటితే టిప్పర్లు. ఈ బండిని తయారు చేసింది కార్లు రాని కంకర దారుల కోసం. అలాంటి దారులు వందల కిలోమీటర్లు దొరికే చోటు జర్మనీలో ఉంది. పేరు లౌజిట్స్. బెర్లిన్‌కీ డ్రెస్డెన్‌కీ మధ్య, లిగ్నైట్ అనే బొగ్గు కోసం దశాబ్దాల పాటు తవ్వి వదిలేసిన నేల. ఇప్పుడక్కడ సరస్సులు, పైన్ అడవులు, వాటి మధ్య సైకిల్ దారులు ఉన్నాయి.

మన పిల్లలు జర్మనీలో చాలామంది చదువుతున్నారు. కాట్‌బుస్‌లో ఉన్న బీటీయూ యూనివర్సిటీకి జెన్‌ఫ్టెన్‌బెర్గ్‌లో కూడా క్యాంపస్ ఉంది. ఆ ఊరు సరిగ్గా ఈ సరస్సుల పక్కనే. కొడుకునో చెల్లెలినో చూడటానికి వేసవిలో వెళ్లేవాళ్లు అందులో మూడు రోజులు సైకిల్‌కి కేటాయిస్తే చాలు. అసలు పని మాత్రం రెండు నెలల ముందు ఇక్కడే మొదలుపెట్టాలి. అక్కడ ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పే టెన్షన్ తక్కువ. కష్టపెట్టేది నేల. నేలతో వ్యవహారం నేర్చుకోవడానికి హైదరాబాద్ చుట్టుపక్కల మట్టి చాలు.

ముందు ఆ నేల సంగతి తెలుసుకోండి

సింగరేణి వైపు వాళ్లకు ఓపెన్‌కాస్ట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పైమట్టి తీసి గుట్టలు గుట్టలుగా పోయడం, ఊరి పక్కనే అంత లోతు గుంత మిగలడం, ఊరిని బొందలగడ్డ చేశారని జనం తిట్టుకోవడం చూసినవే. లౌజిట్స్‌లో జరిగిందీ అదే. తూర్పు జర్మనీకి కరెంటు ప్రధానంగా లిగ్నైట్ నుంచే వచ్చేది. దానికోసం వందకు పైగా ఊళ్లు పూర్తిగానో కొంతగానో పోయాయి. వాటిలో చాలా ఊళ్లు సోర్బులనే చిన్న స్లావ్ జాతి జనానివి. అందుకే అక్కడి బోర్డుల మీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంటుంది. కాట్‌బుస్ కింద ‘ఖోషెబుజ్’ అని ఇంకో పేరు కనిపిస్తే వేరే ఊరొచ్చిందని కంగారు పడకండి.

1990లో రెండు జర్మనీలూ కలిసిపోయాక గనులు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. ఎల్‌ఎంబీవీ అనే ప్రభుత్వ సంస్థ గుంతల అంచుల్ని వాలుగా సరిచేసి, పోసిన మట్టిని దిమ్మిస కొట్టి, నదుల నీళ్లు మళ్లించి గుంతలు నింపుకుంటూ వచ్చింది. ఇలా ఇరవైకి పైగా సరస్సులు తయారయ్యాయి, కొన్ని ఇంకా తయారవుతున్నాయి. జెన్‌ఫ్టెన్‌బెర్గ్ సరస్సు మాత్రం అంతకు ముందుది. దాన్ని 1973లోనే జనం ఈతకు తెరిచారు.

సైకిల్ తొక్కడానికి ఇంత చరిత్ర ఎందుకంటే, అక్కడ మీ టైరు కింద ఉండేది యంత్రాలు తవ్వి పోసిన నేల. చాలా వరకు ఇసుక. గని నడిచినన్నాళ్లు భూగర్భ జలాన్ని పంపులతో తోడేస్తారు. గని మూసి పంపులు ఆపితే నీళ్లు మళ్లీ పైకి వస్తాయి. వదులుగా పోసిన ఇసుకలోకి ఆ నీరు ఎక్కితే, పైకి గట్టిగా కనిపించే నేల ఉన్నట్టుండి బురదలా జారిపోతుంది. 2010 అక్టోబర్‌లో ష్ప్రేటాల్ దగ్గర అదే జరిగింది. పునరుద్ధరించామనుకున్న భూమి పెద్ద మేర కుంగిపోయి లారీలు కూడా కూరుకుపోయాయి. ఆ తర్వాత చాలా ప్రాంతాల్లోకి జనాన్ని రానివ్వలేదు.

కాబట్టి మొదటి నియమం ఇప్పుడే చెప్పేస్తాను. ‘బెట్రేటెన్ ఫెర్బోటెన్’ అంటే అడుగుపెట్టరాదు. ‘లేబెన్స్‌గెఫార్’ అంటే ప్రాణాపాయం. ‘ష్పెర్‌గెబీట్’ అంటే మూసిన ప్రాంతం. ఈ మూడు మాటల్లో ఏది కనిపించినా వెనక్కి తిరగాలి. మన దగ్గర గేటు పక్కన సందు ఉంటే అది దారే. అక్కడ ఆ అలవాటు మానుకోవాలి. స్ట్రావా యాప్‌లో ఎవరో తొక్కిన గీత కనిపించినా సరే, దారి చూపే కొమూట్ యాప్ అటే పొమ్మన్నా సరే, గేటుకి ఇవతలే ఉండండి.

హైదరాబాద్‌లో రెండు నెలలు

ఓఆర్‌ఆర్ పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీస్ అకాడమీ) దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి, రెండూ కలిపి 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. గ్రావెల్‌కి అది పనికిరాదు, నున్నటి ట్రాక్. కానీ మూడు నాలుగు గంటలు సీటు మీద కూర్చునే ఓపిక రావడానికి, ఎదురుగాలిలో ఒకే వేగంతో తొక్కడం అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు లేదు. పైకప్పు ఉంది కాబట్టి ఎండాకాలంలో కాస్త ఆలస్యమైనా నడుస్తుంది. వారంలో ఒకరోజు అక్కడ గడపండి. సైకిల్ మీద అసలు అలవాటే తప్పినవాళ్లు కొత్తగూడ దగ్గర పాలపిట్ట సైక్లింగ్ పార్కులో మొదలుపెట్టుకోవచ్చు. కార్ల గోల ఉండదు.

మట్టి కోసం మాత్రం ఊరి బయటికి పోవాలి. చెప్తే నవ్వుతారేమో గానీ, హైదరాబాద్‌లో ట్రాఫిక్ లేని గ్రావెల్ దారులు ఎక్కువగా ఉన్నవి రియల్ ఎస్టేట్ వెంచర్లలోనే. శంకర్‌పల్లి వైపు, ఇబ్రహీంపట్నం వైపు, కడ్తాల్ వైపు పెద్ద ఆర్చి కట్టి, మొరం రోడ్లు పోసి, ఇళ్లు కట్టకుండా వదిలేసిన లేఅవుట్లు ఎన్నో. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ‘అన్నా, సైకిల్ తొక్కుకుంటాం, గంటలో పోతాం’ అని ఒక మాట చెప్పండి, దాదాపు ఎవరూ కాదనరు. కాదంటే వాదించకుండా పక్క వెంచర్‌కి పోండి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు ఏజెంట్లు కస్టమర్లని కార్లలో తిప్పుతుంటారు.

క్రషర్లకు వెళ్లే రోడ్లు మ్యాపులో ఖాళీగా, ఊరించేలా కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. టిప్పర్ డ్రైవర్‌కి ఆ దుమ్ములో మీరు కనిపించరు. పాత రాతి క్వారీల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. నిండా నీళ్లతో పచ్చగా అందంగా ఉంటాయి, గట్టు నిలువుగా తెగిపోయి ఉంటుంది, లోతు తెలియదు. ఏటా ఎవరో ఒకరు ఈతకు దిగి పోతూనే ఉన్నారు. అంచుకి పది అడుగుల ఇవతలే ఆగి ఫొటో తీసుకోండి. క్వారీ అంచుకి దూరంగా ఉండటం ఇక్కడ ఒంటికి పడితే లౌజిట్స్‌లో ఎవరూ చెప్పనవసరం లేదు.

వానాకాలంలో ఎటు వెళ్లాలన్నది మట్టిని బట్టి తేల్చుకోండి. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి ఎక్కువ. నాలుగు చినుకులు పడితే టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు, పుల్లతో గీకుతూ కూర్చోవాలి. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు ఎర్ర మొరంలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, వాన వెలిసిన మర్నాడే తొక్కొచ్చు. వికారాబాద్ అనంతగిరి కొండల్లోని ఎర్రమట్టి దారులు చలికాలానికి ఉంచుకోండి. చేవెళ్ల రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ మాత్రం వెళ్లొద్దు. మర్రిచెట్లు ఎంత బాగున్నా ఆ రోడ్డు సైకిల్‌ది కాదు. కారులో వేసుకెళ్లి అక్కడ దించండి.

గాలి ఎంత కొట్టాలి

గ్రావెల్‌లో సగం విద్య ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మన పంక్చర్ షాపులో ఇస్తే టైరు రాయిలా అయ్యేదాకా కొడతారు. రాయిలాంటి టైరు కంకర మీద ఎగురుతుంది, మలుపులో జారుతుంది, మణికట్లు నొప్పి పెడతాయి. మీటరున్న ఫ్లోర్ పంపు ఒకటి కొనుక్కోండి. బొటనవేలితో నొక్కి చూసే లెక్క ఇక్కడ చెల్లదు.

70 కిలోల మనిషి, 40 మిల్లీమీటర్ల టైరు, లోపల ట్యూబు ఉంటే ముందు 35, వెనుక 40 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో ఐదు తగ్గించవచ్చు. బరువు ఎక్కువున్నా, బండికి సంచులు కట్టినా కొంచెం పెంచాలి. టైరు పక్కన, రిమ్ము మీద రాసిన హద్దులు దాటొద్దు. ఇవి మొదలుపెట్టడానికి చెప్పిన అంకెలు మాత్రమే. మీ అంకె మీరే కనుక్కోవాలి. వెంచర్‌లో రెండు వందల మీటర్ల కంకర రోడ్డు ఒకటి ఎంచుకుని, 45తో ఒకసారి, 40తో ఒకసారి, 35తో ఒకసారి, ఒకే వేగంతో తొక్కండి. ఎక్కడో ఒకచోట చేతుల్లో వణుకు తగ్గి, టైరు నేలని పట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఇంకా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము టంగుమంటుంది. ఆ మోతకి మూడు నాలుగు పీఎస్‌ఐ పైన ఆగితే అది మీ అంకె. ఫోన్‌లో రాసి పెట్టుకోండి. లౌజిట్స్‌లో అద్దె బండి తీసుకున్నా ఇదే లెక్క పనికొస్తుంది. ఇసుక ఎక్కువున్న రోజు ఇంకో ఐదు దించండి, తారు మీదికి ఎక్కాక మళ్లీ కొట్టండి. బద్ధకించి దించకపోతే ఇసుకలో పడతారు, కొట్టకపోతే తారు మీద కాళ్లు పడిపోతాయి.

తుమ్మముళ్లు, పల్లేరుకాయలు మన దగ్గర రోజూ ఎదురయ్యేవే. అందుకే ఇక్కడ ట్యూబ్‌లెస్ మేలు. పల్లేరుకాయ గుచ్చుకుంటే టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం చాలాసార్లు దానంతటదే పూడ్చేస్తుంది. కాకపోతే మన ఎండకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకుని పోయాలి. ట్యూబ్‌లెస్ ఉన్నా ఒక ట్యూబు సంచిలో ఉండాల్సిందే.

ఇసుకలో, కంకరలో తొక్కే పద్ధతి

ఇసుక కనిపించగానే, అందులోకి దిగకముందే గేరు తేలిక చేసుకోండి. దిగాక మార్చబోతే చైన్ ఆగిపోతుంది. బరువు సీటు వెనుక వైపుకి జరపండి, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకండి. ముందు చక్రం అటూఇటూ కాస్త ఊగుతుంది, ఊగనివ్వండి. దాన్ని సరిచేయాలని చూసినవాళ్లే పడతారు. చూపు పది మీటర్ల ముందుండాలి, కాళ్లు ఆగకూడదు. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. అయినా బండి ఆగిపోతే దిగి నడిపించండి, అందులో నామోషీ లేదు. వాగు పక్కన వదులు ఇసుక దొరికిన చోట ఇది అలవాటయ్యేదాకా చేయండి.

కంకర మలుపులో బ్రేకు వేసేది మలుపుకి ముందే. మలుపు లోపల రెండు చేతులూ బ్రేకు మీద ఊరికే ఆనించి ఉంచండి, నొక్కకండి. బయటి వైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు పెడితే టైర్లు నిలుస్తాయి. ఇది చదివితే రాదు, వెంచర్‌లోని నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటే వస్తుంది. రెండు వైపులా తిరగండి, అందరికీ ఒక వైపు బాగా వస్తుంది, రెండో వైపు రాదు.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, దిగి, మీకూ వాటికీ మధ్య సైకిల్ అడ్డం పెట్టి నడవండి. వాటి హద్దు దాటాక ఆగిపోతాయి.

రెండు నెలలు పూర్తయ్యేసరికి ఒకరోజు 60 కిలోమీటర్లు, అందులో మూడో వంతు మట్టి, మర్నాడు మళ్లీ 40 తొక్కగలిగితే చాలు. ఒక్కరోజులో వంద తొక్కడం కంటే, నిన్నటి కాళ్లతో ఈరోజు తొక్కగలగడం అక్కడ పనికొస్తుంది. చివరి రెండు వారాలు ఐదు కిలోల సామాను కట్టుకుని తొక్కండి.

బండి తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకా

మూడు నాలుగు రోజులకైతే అద్దె బండే నయం. విమానానికి బండి ప్యాక్ చేయడం పెద్ద తతంగం. పెడళ్లు, హ్యాండిల్, ముందు చక్రం, వెనుక డిరెయిలర్ విప్పాలి, టైర్ల గాలి దించాలి, డబ్బా బరువు ఎయిర్‌లైన్ హద్దులో ఉండాలి, డబ్బా దాచడానికి అక్కడ చోటుండాలి. రెండు వారాలు దాటి తొక్కేవాళ్లకే అంత శ్రమ తగినది. బెర్లిన్, డ్రెస్డెన్ లాంటి పెద్ద ఊళ్లలో గ్రావెల్ బైకులు అద్దెకిస్తారు. వేసవి శనివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

మీ సొంత సీటు, పెడళ్లు మాత్రం సూట్‌కేసులో పెట్టుకోండి. రెండూ కలిపి కిలో లోపే. అలవాటు లేని సీటు మీద మూడో రోజు తొక్కాలంటే నరకం. పెడళ్లు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాసుకోండి. ఆ రెండు అంకెలు చూపిస్తే షాపువాళ్లు ఐదు నిమిషాల్లో బండి సరిచేస్తారు.

అద్దె బండి ఎక్కేముందు బ్రేకులు చూడండి, ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర చాలా సైకిళ్లకి ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. జర్మనీలో మామూలుగా ఎడమచేతికి. వెనుక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా నొక్కితే తలకిందులుగా పడతారు. షాపు ముందే పదిసార్లు వేసి చూసుకోండి, లేదా మార్చి ఇమ్మని అడగండి. లైట్లు, బెల్లు అక్కడ చట్ట ప్రకారం ఉండాలి, అవి ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. హెల్మెట్ తప్పనిసరి కాదు, కానీ మీరు పెట్టుకోండి.

సూట్‌కేసులో తిండి పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. నెయ్యి డబ్బా, కోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పల్లీపట్టీ, నువ్వులుండలు, ఖర్జూరం తొక్కేటప్పుడు ఎనర్జీ జెల్లుల కంటే బాగా పనిచేస్తాయి. ఏది తిని తొక్కాలనుకున్నారో ఇక్కడి ప్రాక్టీసులో కూడా అదే తినండి. పవర్‌బ్యాంకు చేతిసంచిలో, పనిముట్లు చెకిన్ సామానులో పెట్టండి. షెంగెన్ వీసాకి ఎలాగూ కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. కొనేటప్పుడు సైకిల్ తొక్కుతూ పడితే వర్తిస్తుందా అని చూసుకోండి.

అక్కడ మూడు రోజులు

మే నుంచి సెప్టెంబర్ వరకు ఎప్పుడైనా బాగుంటుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, కాబట్టి మనలా ఐదింటికి లేచి పరిగెత్తక్కర్లేదు. ప్రాంతీయ రైలులో జెన్‌ఫ్టెన్‌బెర్గ్ చేరండి. సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉన్నా అది సైకిల్‌కి వర్తించదు. పెట్టె తలుపు మీద సైకిల్ బొమ్మ ఉన్న చోటే ఎక్కించాలి.

మొదటి రోజు జెన్‌ఫ్టెన్‌బెర్గ్ సరస్సు చుట్టూ ఒక రౌండు, దాదాపు 18 కిలోమీటర్లు. ఇదంతా నున్నటి దారి, గ్రావెల్ కాదు. అయినా ముందు ఇదే చేయండి. కుడివైపు తొక్కడం అలవాటు కావాలి. ఎదురుగా ఎవరైనా వస్తే మన చెయ్యి దానంతటదే ఎడమకి తిప్పేస్తుంది, ఆ అలవాటు కార్లు లేని చోట వదిలించుకోవడం మంచిది. స్కేటింగ్ చేసేవాళ్లు, పిల్లల్ని తోసుకుంటూ నడిచేవాళ్లు ఉంటారు. దూరం నుంచే ఒకసారి బెల్లు కొట్టి ఎడమ నుంచి దాటండి.

రెండో రోజు తూర్పుకి. గైయర్స్‌వాల్డ, పార్ట్‌విట్స్, జెడ్లిట్స్ సరస్సులు మూడూ పక్కపక్కనే, కాలువలతో కలిపి ఉంటాయి. వాటి చుట్టూ తిరిగే దారుల్లో ఒడ్డునున్నవి తారువి, అడవిలోకి చీలేవి కంకర, ఇసుక దారులు. ఆ చీలికల్లోనే మీ రెండు నెలల ప్రాక్టీసు అక్కరకొస్తుంది. పోసిన నేల మీద నాటిన పైన్ చెట్లు వరసల్లో నిలబడి ఉంటాయి, అడవి ఎక్కడ పాతదో ఎక్కడ నాటినదో ఆ వరసలను చూసి చెప్పేయవచ్చు. జెడ్లిట్స్, గైయర్స్‌వాల్డ సరస్సుల మధ్య కాలువ దగ్గర తుప్పు రంగు ఉక్కు టవర్ ఒకటుంది. ఎత్తు 30 మీటర్లు, 2008లో కట్టారు, అక్కడివాళ్లు తుప్పు మేకు అని పిలుస్తారు. ఎక్కండి. గుంతలు ఎంత పెద్దవో, నేల ఎంత కొత్తదో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. తవ్విన నేలలోని పైరైట్ అనే ఖనిజం గాలి తగిలి ఆమ్లంగా మారి నీళ్లలో కలుస్తుంది, ఆ ఆమ్లాన్ని తగ్గించడానికి పడవల మీద నుంచి నీళ్లలోకి సున్నం చల్లుతూ ఉంటారు. ఈత కొట్టాలనుకుంటే బీచ్ అని బోర్డు పెట్టిన చోటే దిగండి. సరస్సు నీళ్లు బాటిల్‌లో నింపుకోవద్దు.

గాలి సంగతి ఒకటి. అక్కడ ఎక్కువగా పడమటి గాలి, అడ్డంగా కొండలు లేవు, సరస్సు మీదుగా నేరుగా మొహానికి కొడుతుంది. రెండో రోజు తిరుగు ప్రయాణం పడమరకే కాబట్టి సగం ఓపిక దాచుకోండి. నిక్కరు జేబులో పల్లీపట్టీ కూడా.

మూడో రోజు లిష్టర్‌ఫెల్డ్‌కి. నన్నడిగితే మిగతా రెండు రోజులూ దీనికి తయారీ. దారిలో చాలా భాగం అడవి రోడ్లు. మధ్యలో ఎర్రటి దెయ్యప్పిల్ల సైకిల్ తొక్కుతున్న గుర్తులు కనిపిస్తాయి. అవి ఈ గనుల ప్రాంతమంతా చుట్టే దాదాపు 500 కిలోమీటర్ల సైకిల్ రూటువి. దేవుడు లౌజిట్స్‌ను సృష్టించాడు, దెయ్యం దాని కింద బొగ్గు పాతిపెట్టింది అని సోర్బుల సామెత. ఆ దెయ్యమే ఇప్పుడు దారి చూపిస్తోంది. చివర్లో చెట్ల పైనుంచి ఎఫ్60 కనిపిస్తుంది. పైమట్టిని గని మీదుగా అవతలికి మోసే వంతెన యంత్రం అది. పొడవు 502 మీటర్లు, బరువు 11,000 టన్నులు. ఒకేసారి 60 మీటర్ల మందం మట్టిని తీయగలదు కాబట్టి ఆ పేరు. 1991లో పని మొదలుపెట్టి 1992లోనే ఆపేశారు, ఏడాదికి కాస్త ఎక్కువ నడిచిందంతే. తుక్కు కింద అమ్మేయకుండా 2002 నుంచి సందర్శకులకు తెరిచారు. గైడుతో పాటు దాని మీదికి ఎక్కవచ్చు, గట్టి అడుగున్న బూట్లు ఉండాలి. పెడల్‌కి బిగుసుకునే క్లీట్ల బూట్లతో ఇనుప జాలీ మెట్లెక్కడం ప్రమాదం, కాబట్టి ఫ్లాట్ పెడళ్లు, మామూలు బూట్లే మేలు. అక్కడి నుంచి ఫిన్‌స్టర్‌వాల్డ స్టేషన్ దగ్గరే, కాట్‌బుస్‌కి రైలుంది.

మూడు రోజుల్లో ఎక్కడైనా దారి మూసి ఉండొచ్చు. ఒడ్డు గట్టిచేసే పనులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. బయలుదేరే ముందు రోజు టూరిస్ట్ ఆఫీసులో మీ రూటు చూపించి, ఏది తెరిచి ఉందో అడగండి. బొగ్గు తవ్వకం కూడా పూర్తిగా ఆగలేదు, 2038 నాటికల్లా ఆపాలని చట్టం చేసుకున్నారు. వెల్ట్‌సో దగ్గర నడుస్తున్న గనిని చూసే చోటు ఉంది, నాలుగో రోజు దొరికితే అటు వెళ్లండి. సరస్సు ఇంతకు ముందు ఎలా ఉండేదో అక్కడ కనిపిస్తుంది.

మిగిలినవి

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం సాయంత్రమే రొట్టె, పండ్లు కొని పెట్టుకోండి. చిన్న కేఫుల్లో కార్డు తీసుకోకపోవచ్చు, కొంచెం నగదు ఉండాలి. శాకాహారులకు బంగాళాదుంపలు, పెరుగు, గట్టి పెరుగులా ఉండే క్వార్క్ అనే మెత్తటి చీజ్ వంటివి దొరుకుతాయి. లౌజిట్స్‌లో క్వార్క్‌లో అవిసె నూనె పోసి ఉడికిన బంగాళాదుంపలతో ఇస్తారు, మన నోటికి ఉప్పు కారం తక్కువే గానీ కడుపు నిండుతుంది. పొడి పొట్లం ఒకటి దగ్గరుంటే ఇంకా మంచిది. కుళాయి నీళ్లు తాగొచ్చు, ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని రాసి ఉన్న చోట తప్ప.

గడ్డిలో కూర్చుంటే రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనుక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పిడుదు కనిపిస్తే సన్నటి పట్కారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగేయండి, నూనె పూయడాలు వద్దు. తర్వాత ఎర్రటి వలయం వస్తే డాక్టర్‌కి చూపించాలి. తోడేళ్ల గురించి ఎవరైనా భయపెడతారు. జర్మనీలో అంతరించిపోయిన తోడేళ్లు 2000లో మళ్లీ పిల్లలు పెట్టింది లౌజిట్స్‌లోనే, నిజమే. సైకిల్ వాళ్ల జోలికి అవి రావు, కనిపించడమే అరుదు. ఎండాకాలం పైన్ అడవిలో నిప్పుతో మాత్రం జాగ్రత్త, సిగరెట్ కూడా వెలిగించకూడదు. ఏదైనా జరిగితే అక్కడా నంబరు 112. ఒడ్డునున్న బోర్డుల మీద ఊరి పేరు రాసి ఉంటుంది, ఫోన్‌లో ఆ పేరు చదివి చెప్పండి.

తిరుగు రైలు ఆదివారం సాయంత్రం పెట్టుకోకండి. వారాంతం గడిపి బెర్లిన్ వెళ్లేవాళ్లతో సైకిల్ పెట్టెలు నిండిపోతాయి, చోటు లేకపోతే టికెట్ ఉన్నా ఎక్కనివ్వరు. మూడో రోజు శుక్రవారమో సోమవారమో పడేలా మొదలుపెట్టండి. అద్దె బండి అప్పగించే ముందు చైన్‌కి అంటిన ఇసుక తుడవండి, లేకపోతే క్లీనింగ్ అని కొంత డబ్బు పట్టుకుంటారు. మీ సీటు, పెడళ్లు విప్పుకోవడం మరిచిపోవద్దు.